కూలర్ కొనేముందు కొట్టం కప్పు చూడండి

హైదరాబాద్‌లో గుర్రాలు పెట్టుకున్న యజమానులకు, వాటిని సాకే సైసులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం, సలాం.

శివరాత్రి వెళ్లింది. చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు చెప్పినట్టే పోయింది, పొద్దున పదింటికే కొట్టాల మీద రేకులు కాలుతున్నాయి. మన చేతిలో ఉన్నది మార్చి ఒక్కటే. ఏప్రిల్ సగానికి వచ్చాక రేకుల మీదికి ఎక్కే మనిషి దొరకడు, దొరికినా అక్కడ కాలు పెట్టలేడు. అందుకే ఈ లేఖ ఇప్పుడు రాస్తున్నాను.

నేను పశువైద్యురాలిని. అజీజ్‌నగర్, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు రైడింగ్ స్కూళ్లకూ వెళ్తాను, పాతబస్తీ సందుల్లో పెళ్లి ఘోడీలను కట్టే కొట్టాలకూ వెళ్తాను. ఒకచోట ఒక్కో గుర్రానికి పన్నెండడుగుల గది ఉంటుంది, ఇంకోచోట నాలుగు గుర్రాలకు కలిపి ఒకటే రేకుల షెడ్డు. మే నెల మధ్యాహ్నం మాత్రం రెండుచోట్లా గుర్రం ముక్కుపుటాలు ఒకేలా ఎగిరెగిరి పడుతుంటాయి. రెండుచోట్లా నన్ను అడిగేదీ ఒకటే: "డాక్టరమ్మా, ఏ కూలర్ కొనమంటారు?" మీ అందరికీ కలిపి నా జవాబు చెబుతున్నాను. కూలర్ ఆఖరిది. ముందు కప్పు, తర్వాత గాలి, ఆ తర్వాత నీళ్లు. ఈ మూడూ కుదరనిచోట పెట్టిన కూలర్ మేలు చేయకపోగా ఒక్కోసారి కీడు చేస్తుంది.

మన ఊళ్లో ఎండాకాలం ఏ గుర్రానికి విశ్రాంతో, దేనికి పనో ఒకసారి గుర్తు చేసుకోండి. 1886లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మలక్‌పేటకు వచ్చిన రేసుకోర్సులో పందేలు వానాకాలం, చలికాలం సీజన్లలో నడుస్తాయి. నడి ఎండాకాలంలో అక్కడ పందెం ఉండదు. పెళ్లి గుర్రానికి మాత్రం వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలే సీజన్. రైడింగ్ స్కూలు గుర్రానికి బడి సెలవులే సీజన్, ఎందుకంటే సమ్మర్ క్యాంపులు అప్పుడే. అంటే ఏడాది మొత్తంలో ఒంట్లో వేడి దిగడం ఎప్పుడు కష్టమో, సరిగ్గా అప్పుడే ఈ రెండు రకాల గుర్రాలకు పని ఎక్కువ. మీ సంపాదన ఆ మూడు నెలల్లోనే ఉంటుందని నాకు తెలుసు. పని మానేయమని నేను అనడం లేదు. పని నుంచి తిరిగొచ్చిన గుర్రానికి ఒళ్లు చల్లబడే చోటు ఉండాలని అడుగుతున్నాను.

గుర్రం మామూలు ఒంటి వేడి 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్. మనకంటే పెద్ద ఎక్కువేం కాదు. తేడా ఎక్కడంటే, అంత బరువున్న ఒంటికి చర్మం విస్తీర్ణం తక్కువ, లోపలి వేడి బయటికి పోయే దారి ఇరుకు. దానికితోడు కండరాలు వాడుకునే శక్తిలో ఐదోవంతో నాలుగోవంతో మాత్రమే కదలికగా మారుతుంది, మిగిలిందంతా వేడే. ఆ వేడిని దించుకోవడానికి గుర్రం ప్రధానంగా చెమటనే నమ్ముకుంటుంది. గట్టిగా పనిచేస్తే గంటకు పది లీటర్లకు పైగా చెమట కారుతుంది. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరాలి. ఆరాలంటే చుట్టూ ఉన్న గాలి కదలాలి, ఆ గాలిలో తేమ తక్కువగా ఉండాలి. ఇక మీ కొట్టాన్ని ఈ కంటితో చూడండి.

కప్పు సంగతి. హైదరాబాద్‌లో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. ఇప్పటికీ మన ఊరి రికార్డు అదే. వాతావరణశాఖ ఆ లెక్క తీసేది నీడలో, నాలుగువైపులా గాలి ఆడే తెల్లటి పెట్టెలో ఉంచిన థర్మామీటర్ నుంచి. మీ గుర్రం ఉన్నది అలాంటి చోట కాదు. తుప్పుపట్టిన రేకు మే నెల మిట్టమధ్యాహ్నం 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రేకు ఎనిమిదడుగుల ఎత్తులో ఉంటే, కింద నిలబడ్డ గుర్రం వీపు మీద పొద్దంతా నిప్పుసెగ తగులుతూనే ఉంటుంది. గాలి వేడి వేరు, ఈ సెగ వేరు. టీవీలో 41 అని చెప్పిన రోజున మీ గుర్రం భరించేది 41 కాదు. నమ్మకం కలగకపోతే ఒక మధ్యాహ్నం గుర్రం పక్కనే పది నిమిషాలు నిలబడి, అరచేయి పైకెత్తి కప్పుకేసి చూపండి.

అన్నిటికంటే చవకైన పని, రేకుల మీద తెల్లసున్నం. శుభ్రంగా కడిగి, సున్నంలో కాస్త బంక కలిపి రెండు పూతలు వేయండి. వాన పడితే కొంత పోతుంది, మరుసటి ఏడాది మళ్లీ వేయాలి, అంతే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి ఒక్క జీహెచ్‌ఎంసీ పరిధిలోనే 200 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని అందులో లక్ష్యం పెట్టుకుంది. ఆఫీసులకూ అపార్ట్‌మెంట్లకూ అనుకున్న ఆ ఉపాయం గుర్రపు కొట్టానికి ఇంకా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే కొట్టానికి రేకు ఒక్కటే అడ్డు, కింద ఇంకో పొర ఉండదు.

సున్నం మీద ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే, రేకుకు అడుగున్నర ఎత్తున వెదురు కట్టి దానిమీద తాటాకో, రెల్లుగడ్డో, కనీసం గ్రీన్ నెట్టో పరవండి. చాలామంది నెట్టును నేరుగా రేకు మీదే పరుస్తున్నారు. అలా చేస్తే నెట్టూ రేకూ కలిసి కాగుతాయి. రెంటి మధ్య ఖాళీ ఉండి, అందులోంచి గాలి ఇటు దూరి అటు పోవాలి. ఆకు కప్పు వేసేవాళ్లు ఒకటి మర్చిపోవద్దు: పెళ్లిళ్ల కాలంలో ఎవరి బారాత్ తారాజువ్వ ఎటు వచ్చి పడుతుందో చెప్పలేం. ఫంక్షన్ హాలు పక్కనే కొట్టం ఉంటే ఆకు వద్దు, సున్నం, నెట్టుతోనే సరిపెట్టుకోండి.

స్లాబ్ కింద కట్టేవాళ్లు తమకు ఈ బాధ లేదనుకుంటారు. రేకు పగలు కాలుతుంది, పొద్దుగూకాక తొందరగానే చల్లారుతుంది. స్లాబ్ పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంది. బారాత్ ముగించుకుని అర్ధరాత్రి వచ్చిన ఘోడీని ఆ స్లాబ్ కింద కడితే తెల్లారేదాకా దానికి చల్లబడే వేళే రాదు. స్లాబ్ ఉన్నవాళ్లు పైన సున్నం వేయడంతోపాటు, రాత్రిళ్లు గుర్రాన్ని ఆరుబయట కట్టే ఏర్పాటు చూసుకోండి. దొంగల భయం ఉంటే ప్రహరీ లోపలే, ఆకాశం కనిపించే చోట కట్టండి. ఎండాకాలం గుర్రానికి రాత్రి గాలే అసలైన మందు.

ఇక గాలి. పడమటి ఎండ కొడుతోందని పాతబస్తీలో చాలా కొట్టాలకు నేల నుంచి కప్పు దాకా టార్పాలిన్ కట్టేస్తారు. ఎండ ఆగుతుంది, నిజమే. దాంతోపాటు గాలీ ఆగుతుంది. రాత్రంతా పేరుకున్న మూత్రం వాసన, గుర్రాల ఊపిరిలోని తేమ, లద్ది వేడి అన్నీ లోపలే ఉడుకుతాయి. పొద్దున తలుపు తీయగానే కళ్లు మండాయంటే మూత్రంలోంచి పుట్టే అమోనియా వాయువును గుర్రం రాత్రంతా పీల్చినట్టే లెక్క. టార్పాలిన్ విప్పేసి, గోడకు రెండు మూడడుగుల దూరంలో వెదురు తడిక నిలబెట్టండి. ఎండ తడిక మీద పడుతుంది, గాలి పక్కనుంచి తిరిగి లోపలికి వస్తుంది. స్థలం ఉన్నవాళ్లు పడమటి దిక్కున వేపచెట్టో కానుగచెట్టో నాటండి. గన్నేరు మాత్రం వద్దు. పూలు బాగుంటాయని ఫామ్‌హౌసుల్లో దారి పొడవునా దాన్నే పెడుతున్నారు. కొద్దిపాటి గన్నేరు ఆకులు తిన్నా గుర్రం గుండె ఆగిపోతుంది. ఎండుటాకులూ అంతే విషం.

వేడిగాలి పైకి పోతుంది, దానికి పైన దారి ఉండాలి. గోడలో కప్పు కిందున్న చివరి వరస ఇటుకలు తీయించండి. రెండువైపులకూ వాలిన రేకులైతే నడినెత్తిన జానెడు సందు వదిలి, వాన పడకుండా దానిపైన ఇంకో చిన్న రేకు గొడుగులా వేయించండి. ఎదురుగోడలో కింద ఊచలు పెట్టిన కిటికీ ఒకటి ఉండాలి. కింద చల్లగాలి వచ్చి పైన వేడిగాలి పోయే ఈ ఏర్పాటుకు కరెంటు అక్కర్లేదు, కరెంటు పోయిన రాత్రి కూడా పనిచేస్తుంది. అద్దె కొట్టమైతే ఇంటాయన ఒప్పుకోడని మీరు అంటారు. ఇటుకలు మళ్లీ పెట్టి ఇస్తామని చెప్పి అడగండి. నేను పక్కనుండి మాట్లాడినచోట ఒప్పుకున్నారు.

నీళ్ల గురించి చెప్పడానికి కొత్తేమీ లేదు, చేయడమే మిగిలింది. పని లేని రోజున కూడా గుర్రం పాతిక నుంచి నలభై లీటర్లు తాగుతుంది. ఎండలో పనిచేస్తే అరవై దాటుతుంది. పొద్దునొక బకెట్, సాయంత్రమొక బకెట్ ఏ మూలకూ చాలవు. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లలో మనం చేయి పెట్టలేం, గుర్రం మూతి పెడుతుందా? సిమెంటు తొట్టి నీడలో కట్టించండి, తెల్లారుజామున సంపు నీళ్లతో నింపండి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. దాణాలో రోజుకు రెండు పెద్ద చెంచాల ఉప్పు, అంటే సుమారు 30 గ్రాములు కలపండి. చెమట బాగా కారిన రోజున ఇంకొంచెం. గుర్రం చెమటలో ఉప్పు మన చెమటలోకంటే ఎక్కువగా పోతుంది. ఉప్పు లోటు పడితే దానికి దాహం వేయడం కూడా తగ్గుతుంది. అందుకే నీళ్లు ముందే ఉన్నా తాగని గుర్రాలు కనిపిస్తాయి. ఉలవలు, శనగల్లాంటి దాణాను మధ్యాహ్నం పూట తగ్గించి, పొద్దున చల్లగా ఉన్నప్పుడూ రాత్రీ పెట్టండి. పచ్చగడ్డి ఎప్పుడైనా పెట్టవచ్చు.

ఇప్పుడు కూలర్ దగ్గరికి వద్దాం. ఏప్రిల్, మే నెలల్లో మన దక్కన్ గాలి పొడిగా ఉంటుంది. ఆ రెండు నెలలూ కూలర్ బాగా పనిచేస్తుంది, వట్టివేళ్ల తడిక కట్టి తడిపినా పనిచేస్తుంది. అయితే ఇంట్లో కూలర్ పెట్టుకున్నప్పుడు ఎదురు కిటికీ తెరవకపోతే గంటకల్లా ఒళ్లు జిడ్డు కట్టినట్టు, మూసిన కొట్టంలోనూ అదే జరుగుతుంది. గాలి నీటితో నిండిపోతుంది, గుర్రం చెమట ఆరడం మానేస్తుంది. చల్లగా ఉందని మనం అనుకుంటాం, గుర్రం లోపల వేడెక్కుతూనే ఉంటుంది. కాబట్టి గాలి బయటికి పోయే దారి చూపించి, అప్పుడే కూలర్ పెట్టండి.

రోహిణి కార్తె దాటి మృగశిర వస్తుంది, తొలకరి పడుతుంది, ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది. గుర్రానికి ఆ రోజులే ఇంకా కష్టం. గుర్రాల క్రీడల్లో వాడే ఒక లెక్క చెబుతాను. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతను, గాలిలో తేమ శాతాన్ని కలపండి. మొత్తం 150 దాటితే చెమట ఆరడం మందగిస్తుంది, 180కి చేరితే పని చేయించకూడదు. మే మధ్యాహ్నం 106 డిగ్రీలు, 20 శాతం తేమ కలిస్తే 126. జూన్‌లో జల్లు పడ్డాక 92 డిగ్రీలు, 70 శాతం కలిస్తే 162. మే నెలలో సెగ భయం, జూన్‌లో ఉక్క భయం. వాన పడగానే కూలర్‌లో నీళ్లు ఆపేసి ఫ్యాన్ మాత్రమే తిప్పండి, వట్టివేళ్ల తడికలు విప్పేయండి. మే లెక్క తక్కువ వచ్చిందని మధ్యాహ్నం స్వారీ పెట్టుకోవద్దు సుమా. ఆ లెక్కలో ఎండ లేదు, కప్పు సెగ లేదు.

ఫ్యాన్ల విషయంలో నేను చాలా గట్టిగా చెప్పాలి. ఇంట్లో వాడే టేబుల్ ఫ్యాన్ కొట్టానికి పనికిరాదు. గడ్డినూగు, దుమ్ము దూరి మోటారు వేడెక్కుతుంది, కింద ఎండుగడ్డి ఉంటుంది. మోటారు పూర్తిగా మూసి ఉండే రకం తీసుకుని, గుర్రం తల ఎత్తినా అందని ఎత్తులో గోడకు బిగించండి. వైరు ఇనుప గొట్టంలోంచి పోవాలి, లేకపోతే కొరుకుతుంది. తడి నేల మీద ఇనుప నాడాలతో నిలబడ్డ గుర్రానికి, మనకు చిన్న జర్క్ అనిపించే కరెంటు ప్రాణం తీస్తుంది. కరెంటు లీకయిన మరుక్షణం కట్ చేసే ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించకుండా కొట్టంలో కూలర్ తిప్పవద్దు. ఆ స్విచ్ ధర మీ గుర్రానికి నాలుగు నాడాలు కొట్టించే ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది.

సైసులతో విడిగా ఒక మాట. "వేడి మీదున్న గుర్రం మీద చల్లనీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయి" అని మీకు మీ ఉస్తాదులు నేర్పారు. ప్రేమతోనే నేర్పారు. అయితే 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం జరిగిన పరిశోధనల్లో ఆ భయం నిజం కాదని తేలింది. టోక్యో ఒలింపిక్స్ ఉక్కలో కూడా గుర్రాలను కాపాడింది బకెట్ల కొద్దీ పోసిన చల్లనీళ్లే. ఒళ్లంతా, మెడ నుంచి తొడల దాకా, ఆపకుండా పోయండి. పోసి వదిలేయకుండా ఊపిరి నెమ్మదించేదాకా పోస్తూనే ఉండండి. తడిగుడ్డ కప్పి ఉంచవద్దు, అది వేడిని లోపలే ఆపుతుంది. తాగడానికి నీళ్లు చూపించి, తాగినన్ని తాగనివ్వండి.

ఊపిరి లెక్కపెట్టడం ఇంట్లో పిల్లలకు కూడా నేర్పించవచ్చు. నిలబడ్డ గుర్రం డొక్క నిమిషానికి ఎనిమిది నుంచి పదహారుసార్లు ఎగురుతుంది. పని ఆపి నీడలోకి తెచ్చిన అరగంటకు కూడా అది దిగకపోతే, అడుగులు తడబడితే, మూత్రం ముదురు రంగులో వస్తే, మలద్వారంలో పెట్టిన థర్మామీటర్ 40 దాటితే, నీళ్లు పోస్తూనే డాక్టరుకు ఫోన్ చేయండి. డాక్టరు వచ్చేదాకా ఆగి అప్పుడు నీళ్లు పోద్దామనుకోవద్దు. ఇంకొకటి: మిగతా గుర్రాలు చెమటతో తడిసిపోతుంటే ఒక్కటి మాత్రం పొడిగా నిలబడి రొప్పుతోందా? రేసుల వాళ్లు దాన్ని డ్రై కోట్ అంటారు. ఉక్కలో నెలలపాటు పనిచేసిన గుర్రానికి చెమట పట్టడమే ఆగిపోయే జబ్బు అది. అలాంటిదాన్ని మొండిదని కొట్టి నడిపిస్తున్నవాళ్లను చూశాను. దానికి పని పూర్తిగా ఆపి, చల్లటి చోటికి మార్చడం ఒక్కటే దారి.

1965 నాటి కేంద్ర నిబంధనలు బండి లాగే, బరువు మోసే జంతువుల పనిగంటలను నిర్ణయించాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించకూడదు. రోజు మొత్తంలో తొమ్మిది గంటలు, విశ్రాంతి లేకుండా ఒకే వరసన ఐదు గంటలు మించకూడదు. రైడింగ్ స్కూళ్ల వాళ్లు దీన్ని తమకు కూడా వర్తింపజేసుకుని ఇంకా ముందుకు వెళ్లాలని నా కోరిక. సమ్మర్ క్యాంపు ఉదయం ఐదున్నరకు మొదలై ఎనిమిదికి ముగియాలి. పదింటి బ్యాచ్ తీసేయండి. అంత పొద్దున పిల్లలు లేవరని తల్లిదండ్రులు అంటే, ఆ గంటల్లో కప్పుకు సున్నం ఎందుకు వేశారో, తొట్టి నీడలో ఎందుకు ఉందో పిల్లలకు చూపిస్తామని చెప్పండి. గుర్రం మీద కూర్చోవడంతోపాటు గుర్రాన్ని చూసుకోవడం కూడా నేర్పేదే మంచి స్కూలు.

పెళ్లి గుర్రాల వాళ్లకు టైము తమ చేతిలో ఉండదు, పెళ్లివారి చేతిలో ఉంటుంది. ఏడింటికి బారాత్ అని చెప్పి ఐదింటికే ఘోడీని రప్పించి, పెట్రోమాక్సుల మధ్య, డీజే పెట్టెల పక్కన, సెగలు కక్కే తారు మీద నిలబెడతారు. ఒక్కరే అడిగితే, "వద్దులే, ఇంకో ఘోడీ చూసుకుంటాం" అంటారు. అందరూ అడిగితే అనలేరు. అందుకని ఈ సీజన్‌కు ముందే మీరంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని నా విన్నపం. బుకింగ్ కాగితం మీదే నాలుగు మాటలు రాయించండి: ఏప్రిల్ నుంచి జూన్ దాకా గుర్రం పొద్దు గుంకిన తర్వాతే వస్తుంది, గంటకు మించి నిలబడదు, నీడా రెండు పెద్ద బకెట్ల నీళ్లూ హాలువాళ్లు ఇవ్వాలి, తిరిగి వెళ్లేముందు ఒళ్లు కడగడానికి కుళాయి చూపించాలి. మీరు ఎప్పుడు, ఎక్కడ కూర్చుంటారో చెబితే నేను వస్తాను. కప్పుకు సున్నం వేయించుకునే స్తోమత లేనివాళ్ల పేర్లు కూడా ఆ రోజే రాసుకుందాం. రైడింగ్ స్కూళ్ల వాళ్లు తలా కొంత వేస్తే, మార్చి ఆఖరుకల్లా ఆ కొట్టాలన్నిటికీ తెల్లపూత పడుతుంది.

ఇట్లు,
మీ గుర్రాలకు వైద్యం చేసే ఒక పశువైద్యురాలు,
హైదరాబాద్